నలభై ఒకటో పేజీ

నాలుగో అంతస్తు, వెనక గది
ఫిబ్రవరి 9

బావకి,

కవరు మీద నా చేతిరాత చూసి, చింపేద్దామా చదువుదామా అని దీన్ని కాసేపు బల్ల మీద పెట్టి ఉంటావు. నేనైతే చింపేవాణ్ణి. నువ్వు మెత్తటివాడివి కాబట్టి చదువుతావనే ధైర్యంతో రాస్తున్నాను. నిన్ను కడసారి చూసింది మీ చెల్లెలు పోయిన రోజు. గేటు దగ్గరే నిలబడ్డావు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయావు. అది జరిగి తొమ్మిదేళ్ళు. అంతకు ముందు పదిహేడేళ్ళు మన మధ్య మాటల్లేవు. ఎందుకు లేవో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడూ అందుకు రాయడం లేదు. నీతో నాకొక పని పడింది.

ఇప్పుడు అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. పొద్దున ఎనిమిదింటికి అమ్మాయి, అల్లుడు ఆఫీసులకి వెళ్తూ బయటినుంచి తాళం వేస్తారు. సాయంత్రం ఆరున్నరకి తీస్తారు. మధ్యలో నేను, నాలుగు అరల పుస్తకాలు, ఒక కిటికీ. కిటికీలోంచి ఎదుటి మేడ వెనక గోడ కనిపిస్తుంది. దాని మీద పెచ్చులూడిన చోట్లు పదమూడు.

తాళం ఎందుకంటావేమో. నవంబరులో ఒకరోజు బస్సెక్కి మా ప్రెస్సు చూద్దామని వెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దిన చోటు. పడగొట్టి కార్లు నిలిపే స్థలం చేశారు. మిషన్లు ఎక్కడుండేవి, నా బల్ల ఎక్కడుండేది అని అడుగులు కొలుచుకుంటుంటే సాయంత్రమైంది. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి ఇంట్లో గగ్గోలు. దారి తప్పానన్నారు. "నేను తప్పలేదమ్మా, ప్రెస్సే తప్పిపోయింది" అన్నాను. నవ్వాల్సింది పోయి అమ్మాయి ఏడ్చింది. మర్నాడు డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళింది. ఆయన నన్ను వందలోంచి ఏడేసి తీసేస్తూ చెప్పమన్నాడు. "మీరు చెప్పండి, తప్పులు నేను చూస్తాను" అన్నాను. అది కూడా రాసుకున్నాడు.

ఆయన సలహా ప్రకారం, ప్రాణమున్నదేదైనా నా చేతికిచ్చి మూడు నెలలు గమనించాలట. అల్లుడు ఎప్పుడో సరదాపడి కొని మూల పడేసిన అక్వేరియం జనవరిలో నా గదిలోకి వచ్చింది. నాలుగడుగుల పొడవు, రెండు వందల లీటర్లు. అమ్మాయి నా ఎదురుగా కుర్చీ వేసుకుని చెప్పింది.

"నాన్నా, ఏప్రిల్ ఇరవై దాకా వీటిని సరిగ్గా చూసుకుంటే తాళంచెవి నీ చేతికిచ్చేస్తాను. ఎక్కడికెళ్ళావని కూడా అడగను."

"లేకపోతే?"

"లేకపోతే ఇలాగే."

ఇక నీ దగ్గరికి వస్తున్నాను. చేపల మీద నా దగ్గరున్నది ఒకే పుస్తకం, నువ్వు ఆఫ్రికా సిక్లిడ్ల గురించి రాసిన ఆ చిన్న పుస్తకం. మా ప్రెస్సులో అచ్చయింది. నేనే ప్రూఫులు దిద్దాను. అందులో ఉన్నట్టే రాళ్ళు పేర్చాను, నీళ్ళు సిద్ధం చేశాను. నలభై ఒకటో పేజీలో నువ్వు రాసింది ఇది: "ఈ చేపలను తొట్టిలో కిక్కిరిసేలా వేయకండి. లేకపోతే బలమైన దాని కోపమంతా ఒక్కదాని మీదే పడుతుంది." అచ్చంగా పాటించాను. ఎనిమిదే వేశాను. వాటికి నాకు అపకారం చేసినవాళ్ళ పేర్లు పెట్టాను. ఎనిమిది చాలలేదు కానీ సర్దుకున్నాను. నల్లచారల నీలం మగదాని పేరు ఎడిటరు. వాడు తొట్టంతా తనదేనన్నాడు. నాలుగు రోజులకొకడిని తరిమి తరిమి, రెక్కలు చీల్చి చంపుతున్నాడు. మేనేజరు పోయాడు, క్యాషియరు పోయాడు, సన్మాన సంఘం కార్యదర్శి పోయాడు. మొత్తం అయిదు. ఒక పసుపుది ఫిల్టరు గొట్టం వెనక నిలువుగా నక్కి బతుకుతోంది. దానికి నీ పేరు పెట్టాను.

అమ్మాయి ఒక నోట్‌బుక్ పెట్టింది. చచ్చిన ప్రతిదానికీ తేదీ వేస్తుంది. నాతో ఏమీ అనదు. అదే నన్ను తినేస్తోంది.

చేపల షాపాయన మొదటి రోజే అన్నాడు. "ఎనిమిదేనా సార్? పాతికైనా వేయండి. లేకపోతే కొట్టుకు చస్తాయి."

"పుస్తకంలో వద్దని ఉందయ్యా."

"రాసినాయన ఎప్పుడైనా చేపను చూశాడా సార్?"

ఆ మాట నాకు ఎంత హాయినిచ్చిందో చెప్పలేను. నాక్కావలసింది ఒక్క కాగితం. ఆ పేజీలో రాసింది తప్పని నీ చేత్తో రాసి, సంతకం పెట్టి పంపు. చేపలు చావడానికి నా బుర్ర కారణం కాదని అమ్మాయికి చూపించాలి. ఇన్నేళ్ళలో నేను నిన్నడిగింది ఇదొక్కటే.

నీ బావ

*

కాలేజీ వెనక వీధి, మేడ గది
ఫిబ్రవరి 14

బావకి,

చింపలేదు. రెండు రోజులు బల్ల మీద ఉంది, అంతవరకు నీ ఊహ నిజమే.

నీకు తాళం వేశారన్న మాట దగ్గర ఆగిపోయాను. నిన్ను గదిలో పెట్టి తాళం వేయడం ఎవరివల్లా కాదనుకునేవాణ్ణి.

ముందు చేపల్ని కాపాడాలి, కాగితం సంగతి తర్వాత. నేను చెప్పేది చెప్పినట్టు చెయ్యి. ఆ నల్లచారల వాణ్ణి వలతో పట్టి, చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, అదే తొట్టిలో ఒక మూల వేలాడదీయి. వారం రోజులు అందులోనే ఉంచు. ఈలోగా రాళ్ళన్నీ తీసి కొత్తగా పేర్చు. పాత చిరునామాలు ఒక్కటీ మిగలకూడదు. తర్వాత ఇరవై చేపల్ని ఒకే రోజున వెయ్యి. నాలుగు ఇవాళ, నాలుగు వచ్చే వారం అని వేశావంటే ఆ నాలుగూ పోతాయి. మూడు జాతులు చాలు. రెక్కకి నల్ల అంచున్న పసుపువి ఎనిమిది, చారల్లేని లేతనీలం ఆరు, తుప్పురంగువి ఆరు. ఒక్కో మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాలి. ఎడిటరుకి పోలిక ఉన్న జాతి ఏదీ వద్దు. వాళ్ళకి తమలా కనిపించేవాడే శత్రువు. బుట్టలో ఉన్నవాణ్ణి అందరికంటే చివర వదులు. అప్పటికి వాడే కొత్తవాడవుతాడు.

ఇవి నాచు గీక్కు తినే చేపలు. ఆకుకూర మేతే వెయ్యి. పురుగులు వేస్తే కడుపు ఉబ్బి పోతాయి. అంతమంది ఉన్నప్పుడు నీళ్ళు త్వరగా పాడవుతాయి కాబట్టి వారానికి రెండుసార్లు సగం మార్చు.

షాపాయనకి చేపల గురించి తెలుసు. అతని మాట విను.

మోకాళ్ళెలా ఉన్నాయి?

నీ బావ

*

నాలుగో అంతస్తు, వెనక గది
ఫిబ్రవరి 20

బావకి,

మోకాళ్ళ సంగతి అడిగావు, కాగితం సంగతి దాటవేశావు. నీ పద్ధతి ఏమీ మారలేదు.

ఇరవై ఆరేళ్ళ కిందట కిక్కిరిసేలా వేయకండి అని అచ్చు వేయించి, ఇప్పుడు ఇరవై వెయ్యమంటావా? ఏ బావని నమ్మను, పుస్తకంలో ఉన్నవాణ్ణా, ఉత్తరంలో ఉన్నవాణ్ణా? తప్పు రాశాననే రెండు ముక్కలు రాయడానికి నీకు చెయ్యి రాలేదు. ఎలా వస్తుంది, లెక్చరరువి. క్లాసులో నిన్ను ఎదిరించి అడిగినవాడు లేడు. నేను జీవితమంతా ఎదుటివాళ్ళ తప్పులు ఏరి బతికినవాణ్ణి. రోజుకి పదహారు అచ్చు ఫారాలు. ఎంతమంది పేరున్నవాళ్ళకి వాక్యం కుదిర్చి పెట్టానో. పుస్తకం చివర అచ్చు వేసినవాడికి, అట్ట వేసినవాడికి, కాఫీ ఇచ్చినవాడికి కూడా కృతజ్ఞతలు చెప్పేవారు. ప్రూఫులు దిద్దినవాడి పేరు మాత్రం ఎవరికీ తోచేది కాదు. నువ్వూ చెప్పలేదు. నీ పుస్తకంలో చివరి పేజీ ఇప్పుడే తీసి చూశాను. అలాగే ఉంది, ఖాళీగా.

నీ ఉత్తరం అమ్మాయికి చదివి వినిపించాను. తప్పు చేశాను.

"ఉన్నవి చచ్చిపోతుంటే ఇంకో ఇరవై తెస్తానంటావా నాన్నా?"

"మీ మామయ్య రాశాడమ్మా."

"మామయ్య పుస్తకంలో వద్దని ఉందని నువ్వేగా నెల రోజులుగా చెప్తున్నావు. నాకు పేజీ నెంబరుతో సహా చూపించావు."

"అప్పుడు అలా రాశాడు, ఇప్పుడు ఇలా రాశాడు."

"సరేలే, పడుకో" అంది. అప్పుడు పగలు పదకొండు గంటలు, ఆదివారం.

ఆ 'సరేలే' విన్నావా? మొదట్లో నాతో వాదించేది. గొంతు పెంచేది. ఇప్పుడు నేనేమన్నా తలూపి వెళ్ళిపోతోంది. నేను ఫోన్ చేస్తే షాపాయన గుమ్మం దాకా వచ్చాడు కానీ, "ఇప్పుడేం వద్దండీ" అని పంపించేసింది. ఆయన మెట్లు దిగుతూ, "అమ్మా, సారు చెప్పింది నిజమే" అన్నాడు. నన్ను చూసి జాలిపడి అన్నాడనుకుంది.

నిన్న ఆరోది పోయింది. ఎడిటరు, నీ పేరు పెట్టినది, ఇద్దరే మిగిలారు. నీ పేరుది గొట్టం వెనకనుంచి మేతకి కూడా రావడం లేదు. అది పోయిన రోజు అమ్మాయి నోట్‌బుక్ మూసేస్తుంది. మూశాక ఇక ఏప్రిల్ ఇరవై ఉండదు. ఈ గదిలోనే నన్ను చివరి రోజు దాకా ఉంచేస్తారు బావా. ప్రేమగానే ఉంచుతారు. వేళకి మందులిస్తారు. నాకు తిట్టడానికి కూడా ఎవరూ ఉండరు.

కాగితం పంపు.

నీ బావ

*

కాలేజీ వెనక వీధి, మేడ గది
ఫిబ్రవరి 25

బావకి,

అడిగింది ఇందులో పెట్టాను. అమ్మాయికి ఇది చూపించు, ఈ ఉత్తరం చూపించనక్కర్లేదు.

"నా పుస్తకం నలభై ఒకటో పేజీలో, చేపలను కిక్కిరిసేలా వేయకండి అన్న వాక్యం తప్పు. కిక్కిరిసేలా వేయండి అని ఉండాలి. తొట్టిలో మంది ఎక్కువగా ఉంటే బలమైన చేప కోపం అందరికీ పంచుకుపోతుంది, ఏ ఒక్కదానికీ ప్రాణాంతకం కాదు. తక్కువ ఉంటే ఒక్కొక్కదాన్నీ చంపుతుంది. పుస్తకాన్ని నమ్మి పాటించినవారి లోపం ఏమీ లేదు. తప్పు పూర్తిగా నాది." కింద సంతకం, తేదీ, నేను చేసిన ఉద్యోగం రాశాను.

ఇంతకుమించి దీని గురించి నన్నేమీ అడగవద్దు.

నీ బావ

*

నాలుగో అంతస్తు, వెనక గది
మార్చి 16

బావకి,

నీ కాగితం అందింది, పనిచేసింది. అమ్మాయి రెండుసార్లు చదివింది. తర్వాత ఆ నోట్‌బుక్ తీసి, ఆరు తేదీలకీ పక్కన 'పుస్తకం తప్పు' అని రాసింది. షాపాయనకి తనే ఫోన్ చేసింది. ఆయన బకెట్లతో వచ్చి, "చెప్పాను కదా సార్" అని మూడుసార్లు అన్నాడు. ఆ రోజుకి ఆయనకి ఆ హక్కుంది, ఊరుకున్నాను.

నువ్వన్నట్టే చేశాం. ఎడిటరు వారం రోజులు బుట్టలో ఉన్నాడు. చిల్లుల్లోంచి బయటికి చూస్తూ ముక్కు రాసుకుని పుండు చేసుకున్నాడు. వాణ్ణి చూస్తూ కూర్చోవడం నాకు అంత సులువు కాలేదు. వదిలిన రోజున ఒకణ్ణి తరిమాడు. వాడు ముగ్గురి మధ్యకి దూరాడు. ఎవరిని తరుముతున్నాడో వాడికే తెలియకుండా పోయింది. ఇంకొకణ్ణి తరిమాడు, అదే జరిగింది. ఇప్పుడు ఒక బండ కింద చోటు చూసుకుని అక్కడికే పరిమితమయ్యాడు. కొత్తవి వచ్చి రెండు వారాలు దాటింది, ఒక్కటీ చావలేదు. నీ పేరుది బయటికొచ్చింది. దాని పసుపు చూస్తే మన ఇంట్లో ఇంత రంగు ఉందా అనిపిస్తుంది.

ఒక పసుపు ఆడది మేత ముట్టడం లేదు. దవడ కింద ఉబ్బింది. అమ్మాయి కంగారుపడి పెన్ను తీసింది. నీ పుస్తకం యాభై మూడో పేజీ చూపించాను. గుడ్లు నోట్లో పెట్టుకుని ఉంటుందని, మూడు వారాలు ఏమీ తినదని. ఆ పేజీ అయినా సరిగ్గా రాశావు.

నిన్న అమ్మాయి అంది: "నాన్నా, ఏప్రిల్ ఇరవై దాకా ఎందుకు, ఇలాగే ఉంటే ముందే ఇచ్చేద్దామేమో." నేను పట్టనట్టు పేపరు తిప్పాను. కానీ ఆ తర్వాత కళ్ళకి అక్షరాలు ఆనలేదు.

ఇక మన లెక్క. నీ పుస్తకం వచ్చిన ఏడాదిలోనే నన్ను హెడ్ ప్రూఫ్ రీడర్ని చేశారు. ఆ నెల నుంచే నువ్వు మా గుమ్మం తొక్కడం మానేశావు. డిగ్రీ లేని బావకి పదవి వస్తే ఓర్వలేకపోయావని మీ చెల్లెలితో అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ నేను పైకి రావడం నీకు కంటగింపైందనుకుంటూ బతికాను. ఇప్పుడు నీ సంతకంతో కాగితం చేతికొచ్చింది. తప్పు పూర్తిగా నాది అని నువ్వు రాసిన వాక్యాన్ని రోజూ ఒకసారి చదువుకుంటున్నాను. దాంట్లో దిద్దాల్సింది ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచను. అల్లుడి చేత దాన్ని నాలుగు నకళ్ళు తీయించాను. ఒకటి మీ కాలేజీకి, ఒకటి చేపలు పెంచేవాళ్ళ సంఘం పత్రికకి, రెండు మన పాత స్నేహితులకి పంపాను. నీ పుస్తకం నమ్మి ఎందరు చేపల్ని చంపుకున్నారో, వాళ్ళకి తెలియాలి కదా. నువ్వేమీ అనుకోవని తెలుసు. మెత్తటివాడివి.

నీ బావ

*

కాలేజీ వెనక వీధి, మేడ గది
మార్చి 22

బావకి,

మా కాలేజీలో నీ నకలు నోటీసు బోర్డు మీద పెట్టారు. నా దగ్గర పాఠం చెప్పించుకున్నవాడు ఇప్పుడక్కడ ప్రిన్సిపాలు. వాడే ఫోన్ చేసి, "మాస్టారూ, ఇదేమిటి? ఈ పద్ధతి మాకు క్లాసులో మీరే చెప్పారు కదా, మందిని పెంచమని" అన్నాడు. ఫోను పెట్టేశాను.

ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. ఈ కవరులో ఒక పాత కాగితం ఉంది, జాగ్రత్తగా విప్పు, మడతల దగ్గర చిరుగుతోంది. అది నా పుస్తకం నలభై ఒకటో పేజీ ప్రూఫు. 'కిక్కిరిసేలా వేయండి' అనే ఉంది చూడు. నేను రాసింది అదే. 'వేయండి'లో 'య'కీ 'ండి'కీ మధ్య ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టి, పక్కన మార్జిన్‌లో 'క' రాసి, దాని కింద 'రచయిత పొరపాటు' అని ఎవరు రాశారో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ చేతిరాత మన ఇద్దరికీ తెలుసు.

ప్రూఫు నాకొకసారి చూపించమని అడిగాను. "ఇంటివాడి పుస్తకం, నేను చూసుకుంటాను కదా" అన్నావు. ఏ చేపనైనా కిక్కిరిసేలా వెయ్యమని బుద్ధున్నవాడెవడూ రాయడనుకున్నావు. నన్నొక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు. నీకు తెలుసు కాబట్టి అడగలేదు.

పుస్తకం వచ్చాక ఉత్తరాలు మొదలయ్యాయి. మీరు చెప్పినట్టే చేశాం, అన్నీ చచ్చాయని. స్టాఫ్ రూములో ఒకడు ఆ వాక్యం పైకి చదివి, నా వైపు చూడకుండా నవ్వాడు. రెండో పుస్తకం రాసి పెట్టుకున్నాను, వేసేవాడు దొరకలేదు. ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు నాకు తెలిసినవాడు, ఈ కాగితం వాడే తెచ్చిచ్చాడు. దీన్ని పట్టుకుని మీ మేనేజరు దగ్గరికి బయల్దేరుతున్న రోజున మా చెల్లెలు వచ్చింది. ఒక్కతే బస్సెక్కి వచ్చింది. కూర్చోలేదు.

"అన్నయ్యా, ఆయన్ని ఈ నెలలో హెడ్ని చేస్తారట. ఈ కాగితం అక్కడికెళ్తే ఉన్నది కూడా పోతుంది."

"పోనీ మీ ఆయనకైనా చూపిస్తాను."

"వద్దు. ఆయన ఒప్పుకోరు. నీదే తప్పని రుజువు చేసేదాకా నిద్రపోరు. నేను ఇద్దరి మధ్యా కూర్చుని అది వినలేను. ఎప్పటికీ చెప్పనని మాటివ్వు."

ఇచ్చాను. మీ ఇంటికి వస్తే నువ్వు నా పుస్తకంలో భాష ఎక్కడ బాగాలేదో చెప్తావు, నేను వింటూ కూర్చోవాలి. నావల్ల కాలేదు. అందుకే మానేశాను. ఆవిడ పోయిన రోజున గేటు దాటి లోపలికి వస్తే, నీ మొహం చూడగానే ఈ మాటే వచ్చేసేది. ఆ రోజు రావలసిన మాట అది కాదని తిరిగి వెళ్ళాను.

కాగితం మీద సంతకం పెట్టింది నీ తాళం తీయించడానికి, ఊరంతా పంచుకోవడానికి కాదు.

ఇక నీ ఇష్టం. అమ్మాయికి చెప్పమని నేను అడగను. చెప్పొద్దని కూడా అనను.

నీ బావ

*

నాలుగో అంతస్తు, వెనక గది
ఏప్రిల్ 21

బావకి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు వారాలైంది. జవాబు రాయకుండా ఏం చేస్తున్నానంటే, నీ కాగితాన్ని పరుపు కింద పెట్టుకుని ఏప్రిల్ ఇరవై కోసం ఎదురు చూశాను. అది నీకు తెలియాలి.

చేతిరాత నాదే. మొదట కాదనాలని చూశాను. కంపోజిటరు కల్పించాడేమో అనుకున్నాను. భూతద్దం పెట్టి చూశాను. 'క' తలకట్టుని కుడివైపు కాస్త పొడుగ్గా లాగే అలవాటు నాకొక్కడికే ఉండేది. దానికోసం ఫోర్‌మన్ నన్ను ఎగతాళి చేసేవాడు. ఇక కాదనడానికి ఏమీ మిగల్లేదు. రాసిన గుర్తు మాత్రం లేదు. ఆ కాగితం ఎంతసేపు చూసినా ఆ రోజు, ఆ బల్ల, ఆ వాక్యం ఏదీ రాలేదు. ఇంకో సంగతి. ఆ తర్వాత వచ్చే 'లేకపోతే' వాక్యం నా దిద్దుబాటుకి ఎదురు తిరుగుతూనే ఉంది. జనవరి నుంచి ఆ పేజీని వందసార్లు చదివాను. ఒక్కసారి కూడా నాకు తగల్లేదు. అక్షరాలు చూశాను, మాట వినలేదు.

మీ చెల్లెలు ఒక్కతే బస్సెక్కి వచ్చిందన్న చోట చాలా రోజులు ఆగిపోయాను. మా పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఒంటరిగా బస్సెక్కడం నేనెరగను. సాయంత్రం వచ్చి వంట చేసి ఉంటుంది. కూరలో ఉప్పు తక్కువైందని అని ఉంటాను.

నిన్న డాక్టరు వచ్చాడు. చేపలు ఇరవై రెండూ ఈదుతున్నాయి, అవి కాక పదకొండు పిల్లలు. నోట్‌బుక్ చూసి తల ఊపాడు. "బ్రహ్మాండంగా చూసుకున్నారు" అన్నాడు. అమ్మాయి లేచి హుక్కుకున్న తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తాళంచెవి చల్లగా ఉంది. నేను దాన్ని జేబులో వేసుకోవాల్సింది.

"కూర్చో అమ్మా, ఒకటి చూపించాలి" అన్నాను.

పరుపు కింది కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. అమ్మాయి చదివింది. డాక్టరుకి ప్రూఫు గుర్తులు తెలియవు, నేనే విప్పి చెప్పాను. అమ్మాయి నా రాతని వెంటనే పోల్చింది.

"ఇది నువ్వే దిద్దావా?"

"నేనే."

"మరి మామయ్యదే తప్పని రెండు నెలలుగా తిడుతున్నావు కదా నాన్నా. ఆ ఎర్ర అక్షరం నువ్వే పెట్టావని నీకు గుర్తు లేదా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను ఎందుకు అనుకోలేదో తెలియదు. ఎదుటివాళ్ళ దగ్గరైతే మూడు పేజీల ముందే పట్టుకునేవాణ్ణి.

"రోజుకి పదహారు ఫారాలమ్మా. వేల అక్షరాలు. ఏది ఎవడికి గుర్తుంటుంది?"

"నిన్ను మేనేజరు ఏ తేదీన ఏమన్నాడో నీకు గుర్తుంది. సన్మానంలో నిన్ను ఏ వరసలో కూర్చోబెట్టారో గుర్తుంది. మామయ్య గేటు దగ్గర మంచినీళ్ళు తాగలేదని గుర్తుంది. ఇది గుర్తు లేదా?"

"ఇది మతిమరుపు కాదు. పొగరు. అప్పుడే, యాభై ఒకటో ఏటే చేశాను. దానికి మందు లేదు" అన్నాను.

డాక్టరు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. ఇద్దరూ ముందుగదిలోకి వెళ్ళి మాట్లాడుకున్నారు. తలుపు వేసుకోలేదు కాబట్టి వినిపించింది. "ఇంకో మూడు నెలలు చూద్దాం" అని ఆయన, "నాకూ భయంగానే ఉంది" అని అమ్మాయి. తిరిగొచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి చాపలేదు, అడగలేదు. తాళంచెవి నేనే ఇచ్చాను. అది తీసుకుని పిడికిట్లో పెట్టుకుంది. "సారీ నాన్నా" అంది. నిజం చెప్తే ఇలా అవుతుందని నేను దానికి చిన్నప్పుడు నేర్పలేదు.

నీ సంతకం కాగితం చింపేశాను. కాలేజీకి, సంఘం పత్రికకి, ఇద్దరు స్నేహితులకి విడివిడిగా ఉత్తరాలు రాశాను. నలభై ఒకటో పేజీలో 'క' చేర్చింది ప్రూఫులు దిద్దిన ఫలానావాడు, రచయిత రాసింది సరైనదే, ఆయన ఇచ్చిన కాగితం ఇంకొకడి కోసం ఇచ్చింది అని. ఇవాళ పొద్దున అమ్మాయి వాటిని పోస్టు చేయడానికి తీసుకెళ్ళింది. ప్రూఫు కాగితం కూడా ఇందులో తిప్పి పంపుతున్నాను. అది నీది.

రెండో పుస్తకం రాసి పెట్టుకున్నానన్నావు. ఉందా? ఉంటే తీసుకురా. దిద్దను. చదువుతాను, నాకు అర్థం కాని చోట నిన్నడుగుతాను. రావాలని లేకపోతే మానెయ్యి, నేను నొచ్చుకున్నా నీకు తెలియదు. తిట్టడానికైనా రావచ్చు. ఎదురుగా కూర్చుని తిట్టేవాడు ఈ ఇంట్లో లేడు.

వస్తే సాయంత్రం ఆరున్నర దాటాక రా. అంతకు ముందు బెల్లు కొట్టి లాభం లేదు. తలుపుకి అటు నువ్వు, ఇటు నేను నిలబడి మాట్లాడుకోవాలి. నాకు అభ్యంతరం లేదు కానీ, మోకాళ్ళు ఒప్పుకోవు.

నీ బావ